పార్వతి నుదుటి మీద మచ్చ: మదనపల్లె మీదుగా మన ఇంటికొచ్చిన బెంగాల్

మామూలుగా నేను కోటలు, శాసనాలు, రాజుల గురించి మాట్లాడతాను కదా. ఈ రోజు ఎపిసోడ్ మాత్రం వేలూరులో ఒక లాడ్జి వంటగట్టు దగ్గర మొదలవుతుంది.

మాది చిత్తూరు. మా సైడ్ వాళ్ళకి పెద్ద జబ్బేదైనా వస్తే ముందు గుర్తొచ్చేది వేలూరే, గంట ప్రయాణం. మీరెప్పుడైనా అక్కడికి వెళ్తే ఒకటి గమనించుంటారు. తమిళనాడులో ఉన్న ఊరే గానీ ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో బోర్డులన్నీ బెంగాలీలో ఉంటాయి. హోటల్లో చేపల కూర, అన్నం. ఎక్కడో హౌరాలో రైలెక్కి, కాట్పాడిలో దిగి, నెలల తరబడి అక్కడే ఉండి వైద్యం చేయించుకునే బెంగాలీ కుటుంబాలు చాలా. లాడ్జి వాళ్ళు గ్యాస్ స్టవ్ కూడా అద్దెకిస్తారు.

పోయినేడు మా అమ్మని చెకప్‌కి తీసుకెళ్ళి నాలుగు రోజులు అక్కడ ఉన్నాం. పక్క గదిలో మేదినీపూర్ వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీ, ఆమె కొడుకు. అమ్మకి హిందీ రాదు, ఆంటీకి తెలుగు రాదు. మధ్యలో నా ఆఫీసు హిందీ. అయినా రెండో రోజుకే ఇద్దరూ ఉల్లిగడ్డలు, ఉప్పు మార్చుకునేంత ఫ్రెండ్స్ అయిపోయినారు. ఒకసారి ఆంటీ అడిగింది, "మా బెంగాల్ గురించి మీకేం తెలుసు?" అని. అమ్మ ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. "దేవదాసు" అనింది.

ఆంటీ పెద్దగా నవ్వింది. నవ్వి, చేప ముక్కలు కడుగుతూ ఒక మాటనింది. "అందరూ దేవదాస్ పేరే చెప్తారు. వాడు పారోని గాలం కర్రతో నుదుటి మీద కొట్టినాడని ఎవ్వరూ చెప్పరు."

నేను ఆ మాట అమ్మకి తెలుగులో చెప్తే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆంటీ చెప్పింది నిజం. శరత్‌బాబు నవలలో ఆ సీన్ ఉంది. పెళ్ళి చేసుకుందామని పార్వతి అర్ధరాత్రి ధైర్యం చేసి ఆయన గదికొస్తే దేవదాసు తేల్చుకోలేక వెళ్ళిపోతాడు. తర్వాత తీరిగ్గా తిరిగొస్తాడు. అప్పుడు పార్వతి కాదంటుంది. అలా అన్నందుకు చెరువు దగ్గర గాలం కర్రతో కొడతాడు. రక్తం వస్తుంది. ఆ మచ్చ ఆమెకి జీవితాంతం ఉండిపోతుంది. మన దగ్గరేమో గడ్డం పెంచిన ప్రతి కుర్రాణ్ణి "ఏం రా, దేవదాసులా అయిపోయినావ్" అని జాలిపడతాం. మచ్చ ఉన్న పార్వతి పేరుతో మాత్రం ఒక్క సామెత కూడా లేదు.

ఈ ఎపిసోడ్‌లో నేను అడగాలనుకుంటున్న ప్రశ్న ఇదే. బెంగాల్ ఆడవాళ్ళ జీవితం మన తెలుగిళ్ళలోకి ఎవరి నోట వచ్చింది? ఎవరి నోట రాలేదు? దీనికి జవాబు వెతుకుతూ వెళ్తే నేను ఎక్కడో కోల్‌కతాలో తేలతాననుకున్నా. తేలింది మా పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే. మదనపల్లెలో.

ముందు దేవదాసు సంగతి. శరత్‌చంద్ర చటర్జీ ఆ నవల 1917లో అచ్చయింది. తెలుగు సినిమా 1953లో వచ్చింది. అక్కినేని దేవదాసు, సావిత్రి పార్వతి. కానీ సినిమాకి చాలా ముందే తెలుగోళ్ళు శరత్‌ని చదవడం మొదలుపెట్టినారు. శరత్ తెలుగు రచయితే అనుకున్న పాఠకులు కూడా ఉండేవాళ్ళంటారు. అంతగా ఆయన్ని మన భాషలోకి దించినవాళ్ళలో పెద్ద పేరు చక్రపాణి. అవును, విజయా వాళ్ళ నాగిరెడ్డి-చక్రపాణిలో చక్రపాణి. చందమామ చక్రపాణి. తెనాలి ఆయన, అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు.

తెనాలి మనిషికి బెంగాలీ ఎట్లా వచ్చింది? ఆయనకి క్షయ వచ్చింది. అప్పట్లో టీబీకి ఇప్పట్లా మాత్రలు లేవు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. మదనపల్లె ఎత్తు మీద చల్లగా ఉండే ఊరు కాబట్టి 1912లో అక్కడ క్షయ శానిటోరియం మొదలైంది. ఊరి బయట ఆ చోటు పేరే ఆరోగ్యవరం. దేశం నలుమూలల నుంచీ రోగులు వచ్చేవాళ్ళు. 1930ల మొదట్లో చక్రపాణి కూడా అక్కడికొచ్చి కొన్ని నెలలున్నాడు. అక్కడే, బెంగాలీ తెలిసిన ఒక తోటి రోగి దగ్గర ఆ భాష నేర్చుకున్నాడు. పక్కపక్క మంచాలు, చేతినిండా ఖాళీ టైమ్. ఇప్పుడు వేలూరు లాడ్జిలో మా అమ్మ, ఆ ఆంటీ ఉన్నట్టే. జబ్బు చేసినోళ్ళ మధ్య భాషలు భలే దాటతాయి.

అట్లా పార్వతి మదనపల్లె మీదుగా మన ఇళ్ళకొచ్చింది. ఆమె ఒక్కతే కాదు. శరత్ నవల 'నిష్కృతి' 1957లో 'తోడికోడళ్ళు' సినిమా అయింది. 'బడదీదీ' 1961లో 'బాటసారి' అయింది, భానుమతి, అక్కినేని నటించినారు. ఉమ్మడి కుటుంబం, మాట దాచుకునే వదిన, లోపల్లోపల కుమిలే వితంతువు. ఈ మనుషులు బెంగాల్‌లో పుట్టినా మన వాళ్ళలాగే అనిపించినారు, ఎందుకంటే ఆ ఇళ్ళు, ఆ కట్టుబాట్లు మనకీ తెలుసు. మా అవ్వ ఈ సినిమాలన్నీ చిత్తూరు టాకీసుల్లో చూసి ఏడ్చిందంట. ఏడుపు ఊరికే రాదు కదా, తన జీవితం అందులో కనిపిస్తేనే వస్తుంది.

శరత్ ఆడవాళ్ళ పక్షాన రాసినవాడే. నేను ఆయన్ని విలన్ చెయ్యడం లేదు. స్త్రీ విలువ గురించి ఆయనొక పెద్ద వ్యాసం రాశాడు, 'నారీర్ మూల్య' అని. తమాషా ఏంటంటే దాన్ని తన పేరుతో వెయ్యలేదు. అక్క పేరు పెట్టుకున్నాడు, అనిలా దేవి అని. అంటే ఆడవాళ్ళ గురించి గట్టిగా మాట్లాడాలంటే ఆడ గొంతు కావాలని ఆయనకీ తెలుసు. కానీ మన దాకా వచ్చినవి ఎక్కువగా ఆయన కథల్లో ఏడ్చే, సర్దుకుపోయే, త్యాగం చేసే ఆడవాళ్ళు. కథ చివర్లో పార్వతి ఇంటి ముందే దేవదాసు చనిపోతాడు. ఆమె పరిగెత్తుతుంది. తలుపులు మూసేస్తారు. మనం ఆ తలుపు బయట పడి ఉన్న మగాడి కోసం ఏడ్చినాం. తలుపు లోపల ఉండిపోయిన ఆమెకి మర్నాడు ఎట్లా గడిచిందో అడగలేదు.

తలుపు లోపలి ఆడమనిషి తన కథ తానే రాసుకుంటే ఎట్లుంటుంది? బెంగాల్‌లో అలాంటి పుస్తకం ఉంది, శరత్ నవలలకన్నా చాలా పాతది. ఆమె పేరు రాససుందరీ దేవి. ఆమె రాసుకున్న 'ఆమార్ జీబన్', అంటే 'నా జీవితం', 1876లో వచ్చింది. బెంగాలీలో మొట్టమొదటి ఆత్మకథల్లో ఒకటి.

ఆమెకి పన్నెండేళ్ళకే పెళ్ళి. పెద్ద ఇల్లు, వరసగా పిల్లలు, పొద్దున లేచింది మొదలు అర్ధరాత్రి దాకా వంట. చదువుకున్న ఆడది విధవ అయిపోతుందని నమ్మే కాలం. ఆమెకి మాత్రం ఒకటే కోరిక, 'చైతన్య భాగవతం' తానే చదవాలని. ఏం చేసిందంటే, ఆ పుస్తకంలోంచి ఒక ఆకు తీసి వంటింట్లో దాచిపెట్టింది. కొడుకు అక్షరాలు దిద్దుకునే తాటాకు ఇంకొకటి దాచింది. ఒక చేత్తో గరిటె తిప్పుతూ, ఆ ఆకు మీది అక్షరాన్ని ఈ ఆకు మీది అక్షరంతో పోల్చుకుంటూ చదవడం నేర్చుకుంది. గురువు లేడు, టైమ్ లేదు, ఎవరైనా చూస్తే పరువు పోతుంది. నేను నాలుగేళ్ళు బీటెక్ చదివినా, ఫీజు కట్టి, హాస్టల్లో పెట్టి, మెస్సులో అన్నం పెట్టి చదివించినారు. అదీ తేడా.

నాకు రాససుందరి పేరు ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా తెలియదు. దేవదాసు పేరు మాటలొచ్చినప్పటి నుంచీ తెలుసు.

మళ్ళీ వేలూరు లాడ్జికి వద్దాం. ఆ ఆంటీకి భర్త లేడు. పోయి ఎనిమిదేళ్ళయిందంట. మూడో రోజు నాకు ఆ సంగతి తెలిసి, ఆమె చేతిలోని చేప వైపు చూశాను. ఆమెకి అర్థమైపోయింది. "మా అమ్మమ్మ అయితే తినేది కాదు" అని చెప్పింది.

బెంగాల్‌లో పెద్ద కులాల వితంతువులకి చేప నిషేధం. మాంసం, ఉల్లి, వెల్లుల్లి, ఆఖరికి ఎర్ర కందిపప్పు కూడా నిషేధం. ఏకాదశి నాడు నీళ్ళు కూడా ముట్టకూడదు. చేప లేకపోతే ముద్ద దిగని దేశంలో ఈ శిక్ష ఎంత లోతుగా గుచ్చుకుంటుందో ఊహించుకోండి. పదేళ్ళ పిల్ల విధవ అయినా ఇదే రూలు. వాళ్ళకి విడిగా పొయ్యి, విడిగా గిన్నెలు. మరి వాళ్ళేం చేసినారు? అరటిపువ్వు, గుమ్మడిపువ్వు, గసగసాలు, కూరగాయల తొక్కలు, కాడలు, వీటితోనే ఒక వంటల ప్రపంచాన్ని తయారు చేసుకున్నారు. ఇవాళ బెంగాలీ శాకాహార వంట అని గొప్పగా చెప్పుకునేదాంట్లో చాలా భాగం ఆ వితంతువుల చేతుల్లో తయారైందే. నాకీ విషయం తెలిసినప్పుడు రెండు రకాలుగా అనిపించింది. వాళ్ళ తెలివికి దండం పెట్టాలనిపించింది. ఆ తెలివి అవసరం పడిన పరిస్థితికి కోపమొచ్చింది. రుచి బాగుంది కదా అని ఆ రెండోదాన్ని మర్చిపోకూడదు.

మన దగ్గర ఎట్లా? మా ఇంట్లో తిండి మీద నిషేధం లేదు. మేం వ్యవసాయం కుటుంబం, మా కులంలో ఆ పట్టింపు లేదు. కానీ మూడేళ్ళ కిందట మా నాన్న పోయినప్పుడు పదో రోజు ఏం జరిగిందో నేను చూశాను. తెల్లారకముందే అమ్మని కూర్చోబెట్టి, నిండుగా గాజులు తొడిగి, నుదుటి నిండా కుంకుమ పెట్టి, పూలు పెట్టి, తర్వాత అన్నీ తీసేసినారు. చేసింది మగాళ్ళు కాదు, మా అత్తలూ పిన్నమ్మలే, వాళ్ళు కూడా ఏడుస్తూనే చేసినారు. నేను అప్పటికే చరిత్ర వీడియోలు చేస్తున్నా. వీరేశలింగం మీద ఒక ఎపిసోడ్ కూడా చేశా. ఆ రోజు గుమ్మం పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. ఈ సంగతి ఈ వీడియోలో చెప్పకుండా మిగతాదంతా చెప్తే అది మోసం.

స్కూల్లో మనం చదువుకున్న కథ ఇది: బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాడితే 1856లో వితంతు వివాహ చట్టం వచ్చింది. దాని ప్రేరణతో మన వీరేశలింగం 1881 డిసెంబర్‌లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించాడు. ఆయన్ని దక్షిణాది విద్యాసాగరుడు అన్నారు. ఇదంతా నిజం, గొప్ప పని. కానీ ఈ కథలో చేసేవాళ్ళంతా మగాళ్ళు. ఆడవాళ్ళు 'కాపాడబడేవాళ్ళు'. ఇంకో తిరకాసు కూడా ఉంది. మన రాయలసీమలో చాలా కులాల్లో మారుమనువు అనేది ఎప్పటి నుంచో ఉంది. బెంగాల్‌లో కూడా కింది కులాల్లో వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకునేవాళ్ళు. చట్టం అవసరం పడింది ముఖ్యంగా పెద్ద కులాలకి. వేరుశెనగ చేలో కూలికెళ్ళే ఆడమనిషికి కష్టాలు వేరు, ఆమె కథ సంస్కరణ చరిత్రలో పెద్దగా కనిపించదు. పైకి వెళ్ళాలనుకున్న కులాలు మాత్రం తర్వాత తర్వాత పెద్దోళ్ళ ఆచారాలను చూసి నేర్చుకున్నాయి. మా అవ్వ చెప్పేది, వాళ్ళ అవ్వల కాలంలో మా ఇళ్ళల్లో ఇంత పట్టింపు లేదని.

ఇప్పుడు మనం మదనపల్లె చుట్టుపక్కలకే తిరిగి వద్దాం. విద్యాసాగర్ పుట్టకముందు, చట్టం రాకముందు, మన జిల్లాలోనే ఒక వితంతువు "నేను తియ్యను" అనింది. ఆమె మీ అందరికీ తెలుసు. తిరుమలలో అన్నం తిన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తరిగొండ వెంగమాంబ.

1730లో పుట్టింది. తరిగొండ ఊరు వాయల్పాడుకి దగ్గర, ఇప్పుడు వాల్మీకిపురం అంటున్నాం. చిన్నప్పుడే పెళ్ళి, చిన్నప్పుడే భర్త పోయినాడు. వాళ్ళ ఇంటి ఆచారం ప్రకారం గుండు చేయించుకుని, బొట్టూ పూలూ వదిలెయ్యాలి. నా భర్త వెంకటేశ్వర స్వామి, ఆయన ఉన్నాడు కాబట్టి నేను తియ్యను అని ఆమె ఎదురు తిరిగిందని మన సైడ్ తరతరాలుగా చెప్పుకుంటారు. ఊళ్ళో గొడవలు పడలేక తిరుమల చేరింది. అక్కడా తిప్పలు తప్పలేదు, కొన్నేళ్ళు తుంబురు కోనలో ఒంటరిగా ఉందంటారు. 1817లో పోయేదాకా రాస్తూనే ఉంది. 'వేంకటాచల మాహాత్మ్యం', 'వాసిష్ఠ రామాయణం', ద్విపద భాగవతం, యక్షగానాలు. ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఇచ్చే ముత్యాల హారతి ఆమె పేరు మీదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. దేవుడి పేరు చెప్పింది కాబట్టి ఆమెది భక్తి మాత్రమే అని మనం సరిపెట్టేసుకున్నాం. నాకు మాత్రం అందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఆ కాలంలో ఒక ఆడమనిషి "నా ఒంటి మీద ఏముండాలో నేను చెప్తాను" అని నేరుగా అంటే వినేవాళ్ళు లేరు. ఎవ్వరూ కాదనలేని ఒక పేరు అడ్డం పెట్టుకోవాలి. బెంగాల్ రాససుందరి కూడా అంతే, నాకు చదువు కావాలని అనలేదు, దేవుడి పుస్తకం చదువుకుంటాను అనింది. ఇద్దరి మధ్యా వందల మైళ్ళు, ఒకరి పేరు ఒకరికి తెలిసే దారి లేదు. ఇద్దరూ వెతుక్కున్న దారి మాత్రం ఒకటే. ఇది భక్తి కాదని నేను అనను. భక్తి కూడా, మొండితనం కూడా.

కానీ చూడండి, వెంగమాంబ పేరు మీద అన్నప్రసాద భవనం కట్టుకున్న మనమే, అక్కడ రోజూ వేలమందికి అన్నం పెట్టే మనమే, ఇంటికొచ్చి పదో రోజు గాజులు తీయిస్తాం. మా అమ్మ కూడా ఆ భవనంలో ఎన్నోసార్లు తినింది. ఆ పేరున్న మనిషి ఏం చేసిందో ఎవరూ ఆమెకి చెప్పలేదు. నేను కూడా.

ఇక మదనపల్లెలో రెండో కథ. దీంట్లో మగ హీరో అందరికీ తెలుసు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె వచ్చాడు. అనీ బీసెంట్ పెట్టిన థియొసాఫికల్ కాలేజీలో కొన్ని రోజులున్నాడు. ఫిబ్రవరి 28న జనగణమనని అక్కడే ఇంగ్లీషులోకి తనే అనువదించాడు. ఇది మన జిల్లా వాళ్ళు కాలర్ ఎగరేసి చెప్పుకునే విషయం. ఎగరేయండి, తప్పులేదు.

కానీ ఆయన పాడిన బాణీని పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టింది ఎవరు? ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య అని చదువుతాం. భార్య అంటే అంతేనా? ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. ఐర్లండ్ మనిషి, సంగీతంలో డిగ్రీ చేసింది. 1908లో అక్కడ ఆడవాళ్ళ ఓటు కోసం ఒక సంఘం పెట్టినవాళ్ళలో ఒకరు. ఆ పోరాటంలో లండన్‌లో ఒకసారి, ఐర్లండ్‌లో ఒకసారి జైలుకెళ్ళింది. 1915లో ఇండియాకి వచ్చి, మన మదనపల్లెలో కాపురం పెట్టింది.

వచ్చి ఊరుకోలేదు. మదనపల్లె ఆడవాళ్ళని పోగేసి ఒక సమాజం పెట్టింది. దాని పేరు అబలా అభివర్ధినీ సమాజం. పేరులోనే 'అబల' ఉంది చూడండి, ఆ రోజుల్లో ఆడవాళ్ళ సంఘానికి కూడా అదే పేరు! 1917 మే 8న అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలైంది, దాని వెనక ముఖ్యమైన మనిషి ఈమే. అదే ఏడు డిసెంబర్ 18న భారత మంత్రి మాంటెగు మద్రాసు వస్తే, ఆడవాళ్ళ బృందం ఒకటి వెళ్ళి మగాళ్ళతో పాటు మాకూ ఓటు కావాలని అడిగింది. ఆ బృందానికి ముందు నడిచింది సరోజినీ నాయుడు. ఆమె ఎవరు? చటోపాధ్యాయ ఇంటి బెంగాలీ అమ్మాయి, పుట్టింది హైదరాబాద్‌లో, పెళ్ళి చేసుకుంది గోవిందరాజులు నాయుడుని. అంటే బెంగాల్, తెలుగు నేల, మదనపల్లెలో ఉన్న ఐరిష్ మనిషి, ముగ్గురి దారులూ ఒక గదిలో కలిసినాయి.

తర్వాత జరిగింది వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. బెంగాల్ అంటే అన్నింట్లో ముందు అని మనకొక నమ్మకం కదా. ఓటు విషయంలో అట్లా కాలేదు. 1921లో మద్రాసు శాసనమండలి ఆడవాళ్ళకి ఓటు హక్కు ఒప్పుకుంది, అప్పుడు చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. అదే 1921లో బెంగాల్ మండలి వద్దనింది. ఓటు కోసం అక్కడ కవయిత్రి కామినీ రాయ్ లాంటి వాళ్ళు గట్టిగా ప్రచారం చేసినారు, అయినా ఓడిపోయినారు. 1925లో గానీ రాలేదు. అట్లాగని మనం ఎగిరి గంతెయ్యాల్సింది కూడా లేదు. మద్రాసులో ఆ ఓటు ఆస్తి ఉన్నవాళ్ళకే. ఆడవాళ్ళ పేరు మీద ఆస్తి ఎంతమందికి ఉంటుంది? కూలికెళ్ళే ఆడవాళ్ళ దాకా ఆ ఓటు రావడానికి స్వతంత్రం రావాల్సి వచ్చింది.

ఇంకొక చిన్న ముక్క చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు మనసొప్పదు. బెంగాల్‌లో రొకేయా సఖావత్ హుస్సేన్ అనే ముస్లిం రచయిత్రి 1905లో ఇంగ్లీషులో ఒక కథ రాసింది, 'సుల్తానాస్ డ్రీమ్'. ఆ దేశంలో ఆడవాళ్ళు బయట రాజ్యమేలతారు, మగాళ్ళు పరదా వెనక ఇంట్లో ఉంటారు. ఎండ వేడితో వంట చేస్తారు, పొగ లేని వంటిల్లు. గాల్లో ఎగిరే బండ్లు. నూటిరవై ఏళ్ళ కిందట సైన్స్ ఫిక్షన్! ఆ కథ మొదట అచ్చయింది కలకత్తాలో కాదు, మద్రాసులో, 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. ఆ పత్రికని నడిపింది కమలా సత్యనాథన్, తెలుగింటి బిడ్డ. చూశారా, బెంగాల్ ఆడవాళ్ళ గొంతు మన దాకా రావడానికి దారి అప్పుడే ఉంది. శరత్ నవలలకన్నా ముందే ఉంది. ఆ దారి ఇంగ్లీషు చదువుకున్న నాలుగిళ్ళలో ఆగిపోయింది. తెలుగులోకి వచ్చి, సినిమా అయ్యి, టాకీసుల్లో ఆడింది పార్వతి కన్నీళ్ళు.

ఒక్కోసారి ఆడవాళ్ళు రాసింది కూడా వచ్చింది, పేరు మాత్రం దారిలో రాలిపోయింది. 1959 'మాంగల్యబలం' మీ ఇళ్ళల్లో పెద్దోళ్ళందరూ చూసే ఉంటారు. చిన్నప్పటి పెళ్ళి, పెద్దయ్యాక కలుసుకోవడం. దాని మూలం బెంగాలీ 'అగ్నిపరీక్ష', రాసింది ఆశాపూర్ణా దేవి. ఆమె బడికే వెళ్ళలేదు. ఇంట్లో అన్నయ్యలు చదువుకుంటుంటే ఎదురుగా కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. ఇంటి పనంతా చేసుకుంటూ రాసింది. జ్ఞానపీఠం అందుకున్న మొదటి మహిళ ఆమె, 1976 పురస్కారం. మా అవ్వ ఆ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. దాన్ని రాసింది తనలాగే వంటింట్లో ఉండే ఒక ఆడమనిషి అని ఆమెకి తెలిసుంటే ఎట్లా ఉండేది? ఇప్పుడు చెప్దామంటే మా అవ్వ లేదు.

అందుకే నేను అమ్మకి చెప్పాను. వేలూరు నుంచి తిరిగొచ్చే బస్సులోనే మొదలుపెట్టాను. రాససుందరి వంటింటి ఆకు గురించి, వెంగమాంబ గురించి. అమ్మ అంతా విని ఒకే ఒక్కటి అడిగింది. "ఇదంతా నీకు తెలిసి ఎన్నాళ్ళయిందిరా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఏం చెప్పమంటారు? వెంగమాంబ సంగతి నాన్న పోకముందే తెలుసు.

మొన్న తిరుపతిలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి. అక్షింతలు వేసే టైమ్‌కి అమ్మ ఎప్పటిలాగే వెనక వరసలో, స్తంభం పక్కన కూర్చుంది. అమ్మకి చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు, తనే వెనక్కి జరిగిపోతుంది. పెళ్ళికూతురు పీటల మీద నుంచి చూసి, "పెద్దమ్మా, నువ్వు రా" అని పిలిచింది. అందరూ ఇటు తిరిగినారు. అమ్మ నా వైపు చూసింది. ఈసారి నేను గుమ్మం పక్కన నిలబడలేదు. వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. అమ్మ అక్షింతలు వేసింది. ఒక పెద్దావిడ ఏదో గొణిగింది. మేళం మోగుతానే ఉంది, పెళ్ళి జరుగుతానే ఉంది.

ఇంటికొచ్చాక నేను కొంచెం హీరోలా ఫీలై, "మరి బొట్టు కూడా పెట్టుకోమ్మా" అన్నాను. అమ్మ చెప్పిన మాటతో ఈ ఎపిసోడ్ ఆపేస్తాను, ఎందుకంటే ఈ అరగంట నేను చెప్పినదాంట్లో అసలు పాయింట్ అదే. "పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకుంటా. తియ్యమని వాళ్ళు చెప్పినారు, పెట్టుకోమని నువ్వు చెప్తాండావు. నన్ను అడిగినోళ్ళు ఎవరు?"

ఫ్రెండ్స్, మీకొక చిన్న పని. ఈ రోజు మీ అమ్మనో, అవ్వనో ఒక ప్రశ్న అడగండి. "నువ్వు చేద్దామనుకుని, ఎవరో వద్దన్నారని ఆపేసింది ఏంటి?" అని. ఫోన్ పక్కన పెట్టి అడగండి. మధ్యలో సలహాలివ్వకుండా పూర్తిగా వినండి. వీలైతే ఆమె మాటల్లోనే రాసిపెట్టండి, మీ మాటల్లో కాదు.

వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.